మూతబడిన మడిగెలు, పాత బజారు భవనాలు: కొత్త వ్యాపారాలకు తెరవాలనుకునే వారు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ పాత బజారులో, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల, జనగామ, పరకాల, నర్సంపేట, జమ్మికుంట, హుజూరాబాద్ వంటి పట్టణాల నడిబొడ్డున ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న మడిగెలు, పై అంతస్తు ఖాళీగా పడి ఉన్న పాత మేడలు ఎన్నో కనిపిస్తాయి. వాటి యజమానులూ, అక్కడ దుకాణం పెట్టాలని తిరుగుతున్న యువకులూ కొన్నేళ్ళుగా మమ్మల్ని అవే సందేహాలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకొచ్చే బదులు, అడిగిన వారి మాటల్లోనే ప్రశ్నలను ఉంచి, పని సాగే వరుసలో జవాబులు రాశాము. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్ళవచ్చు.

## తాళం తీయకముందు

మా బజారులో ఇన్ని భవనాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? గిరాకీ లేకనేనా?

గిరాకీ తగ్గిన మాట నిజమే, కానీ కారణం అదొక్కటే కాదు. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు మూతబడడంతో నెలనెలా జీతం తెచ్చి వరంగల్ బజారులో ఖర్చుపెట్టే కుటుంబాలు తగ్గిపోయాయి. ధాన్యం, పత్తి, మిర్చి లావాదేవీలు ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డులో సాగుతున్నందున పాత గోదాములకు పని లేకుండా పోయింది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడిన తరువాత చాలాచోట్ల కలెక్టరేటు సముదాయాలను ఊరి బయట కట్టారు; ఆఫీసు పని మీద వచ్చి, పనిలో పనిగా బజారు చేసుకుని వెళ్ళే మనుషులు అటే దిగి అటే పోతున్నారు. అయితే మేము దగ్గరగా చూసిన భవనాలలో ఎక్కువ భాగం కిరాయికి అడిగేవారు లేక మూతబడినవి కావు. వారసుల మధ్య మాట కుదరకనో, కిరాయిదారు ఖాళీ చేయడేమోనన్న భయంతోనో, పైకప్పు బాగుచేయించే పూచీ ఎవరూ తీసుకోకనో మూతబడినవే ఎక్కువ. ఈ మూడూ కాగితం మీద తేల్చుకోగలిగినవి.

పాత బజారులో ఎలాంటి వ్యాపారాలు నిలబడతాయి?

కారు నిలుపుకునే జాగా, పెద్ద అద్దాల ముఖద్వారం కావలసిన వ్యాపారాలు ఇక్కడ ఇబ్బంది పడతాయి. కాలినడకన, బండి మీద వచ్చేవారికి పనికొచ్చేవి నిలబడతాయి: మగ్గం పని, బట్టలు కుట్టడం, ఫోన్లు, మిక్సీల మరమ్మతు, రక్తపరీక్షల నమూనా సేకరణ కేంద్రం, సకినాలు, సర్వపిండి, అప్పాల వంటి పిండివంటలు చేసి అమ్మే వంటిల్లు. పై అంతస్తులకు మా అనుభవంలో అన్నిటికంటే బాగా సరిపోయినది స్టడీ హాలు. గ్రూప్స్, పోలీసు, టీచరు ఉద్యోగాల పరీక్షలకు చదివేవారికి కావలసింది నిశ్శబ్దం, ఫ్యాను, కరెంటు, మరుగుదొడ్డి. మెట్లెక్కి రావడానికి వారు వెనుకాడరు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలు కొత్తవాడలో నేస్తారు, పెంబర్తి ఇత్తడి పని జనగామ పక్కనే జరుగుతుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవారు వాటిని నిలబడి చూసి కొనగలిగే చిన్న దుకాణం బజారులో ఉండాలని మాకు గట్టి కోరిక.

భవనం మా నాన్నగారు, ఆయన అన్నదమ్ములది. వారసులలో ఒకరు అమెరికాలో ఉన్నారు. మొదట ఏం చేయాలి?

మొదట వారసులందరి పేర్లూ ఒక కాగితం మీద రాయండి, ఆడపిల్లల పేర్లతో సహా. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా హక్కు ఉంది. 2020లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. "అక్కయ్య అడగదులే" అనుకుని కిరాయికి ఇచ్చిన భవనం మీద రెండేళ్ళ తరువాత నోటీసు వస్తే అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయేది అందులో డబ్బు పెట్టిన కిరాయిదారే.

భవనాన్ని పంచుకున్న తరువాతే కిరాయికి ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. వాటాలు తేలకపోయినా, అందరూ కలిసి ఒకరికి అధికారమిచ్చి, కిరాయి పడే బ్యాంకు ఖాతా ఏదో, అందులోంచి ముందుగా పన్నుకూ మరమ్మతుకూ ఎంత పక్కన పెట్టాలో, మిగిలినది ఎలా పంచుకోవాలో రాసుకుంటే చాలు. విదేశంలో ఉన్నవారు అక్కడి భారత కాన్సులేటులో సంతకం ధ్రువపరచిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది భారతదేశానికి చేరిన మూడు నెలలలోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. అమ్మే అధికారం అందులో పెట్టకుండా, కిరాయికి ఇవ్వడం, కిరాయి వసూలు, మరమ్మతు అనే మూడు పనులకే పరిమితం చేయించండి. ఇవ్వడానికి జంకుతున్నవారు కూడా ఆ పరిమితి చూసి ఒప్పుకోవడం మేము చాలాసార్లు చూశాము.

పాత కాగితాలు దొరకడం లేదు. ఇంటి పన్ను రసీదు ఉంది. అది సరిపోతుందా?

పన్ను కట్టినట్లు మాత్రమే రసీదు చెబుతుంది, ఆస్తి మీద హక్కు ఎవరిదో చెప్పదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులను చూపే ధ్రువపత్రం) తీసుకోవచ్చు. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వెతికించుకోవాలి. నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి కనుక, ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున చదవలేని కాగితాలు కనిపిస్తే పారేయకండి. ఉర్దూ చదవగలిగిన పాత దస్తావేజు లేఖకులకు చూపించండి. మునిసిపాలిటీ రికార్డులో ఇంకా తాతగారి పేరే ఉంటే వారసుల పేరున మార్పించుకోవడం ఇప్పుడే మొదలుపెట్టాలి. ట్రేడ్ లైసెన్సు, కరెంటు, బ్యాంకు రుణం మూడింటికీ ఆ పేరు అడ్డం వస్తుంది.

ఆ మడిగె దేవాదాయ శాఖదనీ, వక్ఫ్‌దనీ రకరకాలుగా చెబుతున్నారు. అందులో ఉన్నాయన డబ్బిస్తే ఖాళీ చేస్తానంటున్నాడు.

డబ్బివ్వకండి. అలాంటి ఆస్తిని కిరాయికి ఇచ్చే అధికారం ఆ సంస్థకే ఉంటుంది, అదీ వేలం వంటి బహిరంగ పద్ధతిలో. లోపల ఉన్న మనిషి తన హక్కుగా మీకు అప్పగించగలిగింది ఏమీ లేదు. సంబంధిత కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

## భవనాన్ని పరీక్షించడం

గోడలు గట్టిగానే కనిపిస్తున్నాయి. ఇంజనీరుకు చూపించడం తప్పనిసరా?

తప్పనిసరి. పాత భవనానికి ముప్పు సాధారణంగా గోడ మధ్యలో కాక పైకప్పు గోడను కలిసే చోట ఉంటుంది. టేకు దూలం మధ్యలో ఎంత నున్నగా ఉన్నా, గోడలోకి దిగిన చివర తేమకూ చెదలకూ గుల్లబారి ఉండవచ్చు. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మెత్తగా దిగబడితే ఆ దూలం బరువు మోయడం లేదని అర్థం. ఇనుప పట్టాల మధ్య ఇటుక కమానులతో వేసిన కప్పులో పట్టాలు తుప్పు పట్టి ఉబ్బితే ఇటుకలు వదులవుతాయి. స్లాబు అయితే పెచ్చులూడిన చోట కమ్మీ ఎంత మిగిలిందో చూడాలి.

పగుళ్ళలో నిలువుగా సన్నగా ఉన్నవాటికంటే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయేవాటిని ఎక్కువ పట్టించుకోవాలి. పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అంటించి తేదీ రాసి ఉంచండి. ఒక వానాకాలం దాటాక గాజు విరగకుండా ఉంటే కదలిక ఆగినట్లే. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే వారికి ముందే చెప్పాలి, ఎందుకంటే మీరు ఒక దూలం తీస్తే కదిలేది వారి గోడ కూడా. శిథిల భవనమని మునిసిపాలిటీ ఇదివరకే నోటీసు ఇచ్చి ఉందేమో అడిగి తెలుసుకోవడం మరచిపోకండి.

పాత సున్నం గోడ పెచ్చులూడుతోంది. సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే పోతుంది కదా?

పోదు, పెరుగుతుంది. ఈ విషయం నేను మా ఇంటి నుంచే నేర్చుకున్నాను. మా తాతగారి బట్టల దుకాణంలో వెనుక గోడ కింది నుంచి రెండడుగుల మేర పెచ్చులూడుతుంటే, కిరాయిదారు వచ్చేలోపు బాగుండాలని మేమే దగ్గరుండి సిమెంటు పూత వేయించి, మీద ఆయిల్ పెయింటు కొట్టించాము. మొదటి ఏడాది గోడ అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి తేమ ఆ రెండడుగులు దాటి, పూత ఆగిన చోటికి పైన, ఛాతీ ఎత్తున తెల్లటి ఉప్పు పొరలా బయటపడింది. గోడకు ఆనించి పేర్చిన చీరల కట్టలలో అడుగున ఉన్నవాటికి గోధుమరంగు చారలు పడ్డాయి. ఆ నష్టం కిరాయిదారుది, గోడ మాది. ఆయనకు ఆరు నెలల కిరాయి వదులుకున్నాము.

జరిగింది ఇది. పునాదిలో తేమను ఆపే అడ్డుపొర లేని పాత గోడ నేలలోని తేమను పీలుస్తుంది. సున్నపు పూత ఆ తేమను ఎప్పటికప్పుడు గాలికి వదిలేస్తుంది. సిమెంటూ ఆయిల్ పెయింటూ ఆ దారిని మూసేస్తే తేమ లోపలే పైకి ఎక్కుతుంది. అందుకే సిమెంటును చెక్కించి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, డంగు సున్నంతో (ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం) పూత వేయించి, మీద సున్నమే కొట్టించాలి. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి సున్నం సిద్ధం చేయడం తెలిసిన పనివారు పాత గుళ్ళ మరమ్మతులు చేసే మేస్త్రీలలో ఇంకా ఉన్నారు. కూలి ఎక్కువే అవుతుంది, రోజులు కూడా ఎక్కువ పడతాయి. అయినా పాత గోడకు అదే వైద్యం.

మొత్తం భవనం బాగుచేయించే స్తోమత లేదు. కొంత భాగమే తెరవవచ్చా?

తెరవవచ్చు, తెరవాలి కూడా. మొత్తం బాగుపడ్డాకే కిరాయికి ఇద్దామని ఆగిన భవనాలు ఆగినట్లే ఉండిపోతాయి. నీరు కారకుండా కప్పు, కొత్త వైరింగు, వాడదగిన మరుగుదొడ్డి, సులువుగా లేచే షట్టరు ఉంటే వీధివైపు ముందు గది వ్యాపారానికి సిద్ధమైనట్లే. వెనుక భాగం ప్రమాదకరంగా ఉంటే దర్వాజకు తాళం వేసి ఊరుకోకుండా ఇటుకలతో మూయించండి. తాళమే ఉంటే సరుకు పెట్టుకోవడానికైనా సరే ఎవరో ఒకరు తెరుస్తారు. ముందు గది మీద వచ్చే కిరాయితో ఏటా ఒక గది చొప్పున బాగుచేసుకుంటూ పోవచ్చు.

మా ఇల్లు వేయి స్తంభాల గుడికి దగ్గరలో ఉంది. మరమ్మతు చేసుకోవచ్చా?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి వీలు లేదు. ఉన్న భవనానికి మరమ్మతు చేసుకోవాలన్నా జాతీయ స్మారక ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. నియంత్రిత ప్రాంతంలో నిర్మాణానికీ మరమ్మతుకూ కూడా అనుమతి తీసుకోవాలి. వరంగల్ కోట చుట్టూ ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. కూల్చి కట్టే అవకాశం లేనిచోట పాత ఇంటిని నిలబెట్టి వాడుకోవడమే దారి కనుక, అలాంటి ఇళ్ళ యజమానులు ఇతరులకంటే ముందే మేల్కొనాలి.

వానాకాలంలో దుకాణంలోకి నీళ్ళు వస్తాయి. అలాంటి మడిగె తీసుకోవచ్చా?

2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండలలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పక్క దుకాణాల వారిని అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి ఎత్తు చూపిస్తారు. పాత బజారులో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల చాలా దుకాణాల అరుగులు రోడ్డుకంటే కిందికి దిగిపోయాయి. అడుగులోపు నీరు వచ్చే చోటైతే గడప ఎత్తు పెంచి, మీటరూ స్విచ్ బోర్డులూ నాలుగడుగుల పైన పెట్టించి, సరుకును ఇనుప ర్యాకుల మీద ఉంచితే నెట్టుకురావచ్చు. మోకాలు దాటి వచ్చిన చోట మందులు, బట్టలు, కంప్యూటర్ల దుకాణం వద్దు.

## అనుమతులు

ఇల్లుగా ఉన్నదాన్ని దుకాణంగా మార్చడానికి మునిసిపాలిటీ అనుమతి కావాలా?

వాడకం మారుతోంది కనుక కావాలి. భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన బీపాస్ చట్టం తరువాత దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవాలి. నివాసేతర భవనాలు ఏకగవాక్ష (సింగిల్ విండో) పద్ధతిలోకి వస్తాయి, దానికి గడువు 21 రోజులు. చిన్న ఇళ్ళకు ఇచ్చే స్వీయ ధ్రువీకరణ సౌకర్యం దుకాణానికి వర్తిస్తుందని అనుకోవద్దు. మాస్టర్ ప్లానులో మీ వీధి వాణిజ్య ప్రాంతంలో ఉందో నివాస ప్రాంతంలో ఉందో ముందే చూసుకోవాలి. రంగు వేయడం, నేల మార్చడం, తలుపులు బాగుచేయడం వంటి లోపలి పనులకు అనుమతి అక్కరలేదు. గోడ తీయడం, కొత్త షట్టరుకు సందు కొట్టడం, అంతస్తు వేయడం మాత్రం కట్టడం స్వరూపాన్ని మార్చే పనులు. వాణిజ్య వాడకంగా మారిన తరువాత ఆస్తిపన్ను పెరుగుతుంది, దాన్ని లెక్కలో వేసుకునే కిరాయి మాట్లాడుకోండి.

చిన్న దుకాణానికి ఎన్ని లైసెన్సులు తీసుకోవాలి?

మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణాలు–సంస్థల చట్టం కింద నమోదు అందరికీ ఉంటాయి. రెండోది మొదలుపెట్టిన 30 రోజులలోపు చేయించుకోవాలి. తినే వస్తువు ఏది అమ్మినా ఆహార భద్రత నమోదు తప్పదు. జీఎస్టీ విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతోంది: సరుకులు అమ్మేవారికి పరిమితి 40 లక్షల రూపాయలని ఇతర రాష్ట్రాల వారి మాట విని ఊరుకుంటున్నారు. తెలంగాణలో అది 20 లక్షలే. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. దుకాణం బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలన్నది నిబంధన. నిబంధన లేకపోయినా మన బజారులో అది అలాగే ఉండాలి.

కరెంటు మీటరు ఎప్పుడో పీకేశారు. కొత్తది ఇస్తారా?

ఇస్తారు, కానీ పాత బకాయి ఉంటే ముందు అది కట్టమంటారు. వాడినవారు వెళ్ళిపోయినా బకాయి ఆ ఆవరణను పట్టుకునే ఉంటుంది కనుక, ఒప్పందం రాసుకోకముందే పాత సర్వీసు నంబరుతో ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో అడగండి. దుకాణానికి రెండో కేటగిరీ, అంటే వాణిజ్య కనెక్షన్ తీసుకోవాలి. ఇంటి మీటరు మీద దుకాణం నడిపితే తనిఖీలో జరిమానా పడుతుంది. ఏసీ, ఓవెన్, కుట్టుమిషన్లు అన్నీ లెక్కేసి లోడు చెప్పండి. గుడ్డ చుట్టిన పాత వైర్లు, చెక్క బోర్డులు ఉన్నచోట ఒక్క ముక్క కూడా మిగల్చకుండా మార్పించి, ఎర్తింగ్ కొత్తగా వేయించాలి.

అగ్నిమాపక శాఖ అనుమతి మా రెండంతస్తుల భవనానికి కూడా కావాలా?

15 మీటర్ల ఎత్తు దాటిన వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. రెండంతస్తుల దుకాణానికి సాధారణంగా అవసరం రాదు. జనం గుమికూడే హాలు పెట్టదలిస్తే ముందుగా అడిగి తెలుసుకోండి. అనుమతి అక్కరలేకపోయినా, పై అంతస్తుకు ఒకే చెక్కమెట్ల దారి ఉంటే అక్కడ స్టడీ హాలు గానీ కోచింగ్ గానీ పెట్టనివ్వకండి. రెండో దారి కట్టించాకే పిల్లలను పైకి పంపాలి.

## ఒప్పందం

అందరూ పదకొండు నెలల అగ్రిమెంటే రాస్తున్నారు. మాకు మూడేళ్ళు కావాలి. ఎలా?

ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలల అలవాటు వచ్చింది. లక్షలు పెట్టి అల్మరాలు, వంటింటి సామగ్రి బిగించుకునే కిరాయిదారుకు అది ఏమాత్రం రక్షణ కాదు. మూడేళ్ళకు రాసి రిజిస్టరు చేయని కాగితం మీద ఉన్న షరతులు కోర్టులో నిలవవు. రిజిస్ట్రేషను ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకోండి. మధ్యలో వెళ్ళిపోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, ఏటా కిరాయి ఎంత పెరుగుతుందో, బిగించిన సామానులో ఏది తీసుకుపోవచ్చో అందులో రాయండి.

కిరాయిదారు ఖాళీ చేయకపోతే నా భవనం పోయినట్లే కదా?

బజారులో తాళాలు తీయనివ్వని భయం ఇదే. తండ్రుల తరంలో యాభై రూపాయల కిరాయికి దిగి ముప్పై ఏళ్ళు కదలనివారిని చూసినవారు అలా భయపడడంలో తప్పు లేదు. ఆ రోజుల్లో 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కిరాయిదారుకు గట్టి అండగా ఉండేది. 2005 సవరణ తరువాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలు దాటిన కిరాయిలు ఆ చట్టం వెలుపలికి వెళ్ళాయి. ఈనాటి దుకాణం కిరాయిలు దాదాపు అన్నీ ఆ అంకెలు దాటినవే. వాటికి ఆస్తి బదిలీ చట్టం, మీరు రాసుకున్న లీజు షరతులు వర్తిస్తాయి. గడువు స్పష్టంగా ఉన్న రిజిస్టర్డ్ లీజు, బ్యాంకు ద్వారా మాత్రమే కిరాయి, గడువుకు మూడు నెలల ముందు లిఖితపూర్వకంగా గుర్తుచేసిన నోటీసు యజమాని చేతిలో ఉండాల్సినవి. కోర్టులో ఆలస్యం జరగదని మేము చెప్పలేము. కానీ నోటిమాట మీద ఇచ్చినవారి పరిస్థితితో దీన్ని పోల్చలేము.

మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టాలి?

కప్పు, గోడలు, మెట్లు, ప్రధాన వైరింగు, నీటి పైపులు భవనంతో ఉండిపోయేవి కనుక యజమానివి. అల్మరాలు, లైట్లు, బోర్డు, వ్యాపారానికి కావలసిన యంత్రాలు కిరాయిదారువి. యజమాని చేతిలో డబ్బు లేనప్పుడు కిరాయిదారు పెట్టి కిరాయిలో తగ్గించుకోవచ్చు. ఉదాహరణకు కప్పు బాగుచేయడానికి 3 లక్షలు అయి, నెల కిరాయి 12,000 అనుకుంటే, నెలకు 6,000 చొప్పున కోసుకుంటే తీరడానికి 50 నెలలు పడుతుంది. అందుకే లీజు కనీసం ఐదేళ్ళయినా ఉండాలి. బిల్లుల నకళ్ళు ఒప్పందానికి జతచేయండి. పని జరిగే రెండు మూడు నెలలు కిరాయి అడగకపోవడం న్యాయం.

యజమాని పగిడీ అడుగుతున్నారు. ఇవ్వాలా?

పగిడీ అంటే మడిగెలోకి దిగేముందు కిరాయికి అదనంగా అడిగే ముడుపు. రసీదు లేని, తిరిగి రాని అలాంటి డబ్బు ఎంతయినా ఇవ్వవద్దని మా సలహా. డిపాజిట్ అయితే మూడు నుంచి ఆరు నెలల కిరాయికి మించకుండా, బ్యాంకు ద్వారా, తిరిగి ఇచ్చే షరతుతో ఇవ్వవచ్చు.

ఒకే మడిగెను నలుగురు చిన్న వ్యాపారులం పంచుకోవచ్చా?

పంచుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది చాలా మంచి దారి. పాత బట్టల దుకాణాలు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ముందు టీ, పిండివంటలు, మధ్యలో మగ్గం పని, వెనుక కుట్టుమిషన్లు పెట్టుకుంటే ఒకరి గిరాకీ మరొకరికి పనికొస్తుంది. యజమాని అందరితోనూ విడివిడిగా రాసుకోవాలి. లేదా ఒకరు తీసుకుని మిగతావారికి ఇచ్చేట్లయితే ఉపకిరాయికి యజమాని ఒప్పుకున్నట్లు అందులోనే రాయించాలి. ఒక్కొక్కరికీ ఒక సబ్ మీటరు పెట్టుకోండి. ఇలాంటి చోట్ల తగవులు వ్యాపారం మీద రావు. మరుగుదొడ్డి ఎవరు కడగాలి, పొద్దున షట్టరు ఎవరు ఎత్తాలి, తాళం చెవి ఎవరి దగ్గర అన్నవాటి మీద వస్తాయి. ఆ మూడూ మొదటి రోజే రాసి గోడకు అంటించండి.

## డబ్బు లెక్కలు

కిరాయి మడిగెలో పెట్టే దుకాణానికి బ్యాంకు రుణం వస్తుందా?

చిన్న వ్యాపారాలకు రుణమిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో శిశు విభాగం 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు ఉంటుంది. తరుణ్ రుణం తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే తరుణ్ ప్లస్ కూడా వచ్చింది. వీటికి ఆస్తి తాకట్టు అడగకూడదు. అయితే రుణకాలం కంటే ముందే ముగిసే లీజును చూపిస్తే మేనేజరు వెనుకాడతారు. ఈ డబ్బు వ్యాపారానికి మాత్రమే. వేరొకరి భవనానికి కప్పు వేయించడానికి కాదు.

ఎంత కిరాయి చెప్పాలో తెలియడం లేదు. తక్కువకు ఇస్తే తరువాత పెరగదేమో?

నెలకు 15,000 రావాలని పట్టుబట్టి ఒక ఏడాది ఖాళీగా ఉంచితే పోయేది 1,80,000. అదే మడిగెను 10,000కు వెంటనే ఇస్తే నెలకు తగ్గేది 5,000. ఆ తగ్గుదల 1,80,000 కావడానికి మూడేళ్ళు పడుతుంది. ఈ మూడేళ్ళలో కప్పు కారితే చూసేవాడు, ఎలుకలూ చెదలూ చేరకుండా కాపాడేవాడు లోపల ఒకడుంటాడు. మొదటి ఏడాది తక్కువగా, తరువాత ఏటా ఇంత శాతం అని ముందే రాసుకుంటే పెంచుకునే దారి తెరిచే ఉంటుంది. కిరాయిదారుకు మా మాట ఒకటే: నెలలో మూడు రోజుల అమ్మకపు లాభంతో కిరాయి వచ్చేట్లు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, పది రోజుల లాభం కావలసి వస్తే ఆ మడిగె మీకు బరువే.

ఆస్తిపన్ను ఏళ్ళ తరబడి కట్టలేదు. ఎలా?

బకాయి మీద నెలకు 2 శాతం చొప్పున అపరాధ వడ్డీ పెరుగుతూ పోతుంది. ప్రభుత్వం కొన్ని సంవత్సరాలలో ఒకేసారి కట్టినవారికి వడ్డీలో 90 శాతం మాఫీ చేసింది కనుక, అలాంటి ఉత్తర్వు వచ్చిందేమో ఆర్థిక సంవత్సరం చివరిలో చూడండి. బకాయి తీరాక ఏటా ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ వస్తుంది.

## తెరిచిన తరువాత

పండుగ సీజనుకు రెండు నెలలకే ఇచ్చి చూడవచ్చా?

తప్పకుండా. బతుకమ్మ, దసరా రోజులలో బట్టలకూ గాజులకూ, రెండేళ్ళకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు వరంగల్ మీదుగా పోయే జనానికి కావలసిన సామాన్లకూ తాత్కాలిక దుకాణాలు బాగా నడుస్తాయి. అలాంటప్పుడు లీజు కాకుండా లైసెన్సు ఒప్పందం రాసుకోవాలి. దానితో స్థలాన్ని వాడుకునే అనుమతి తప్ప స్థలం మీద హక్కు ఏర్పడదు. యజమానికి భయం తీరడానికీ, వ్యాపారికి ఆ వీధి గిరాకీ తెలియడానికీ ఇంతకంటే చవకైన మార్గం లేదు.

చుట్టూ అన్నీ మూసి ఉన్న వీధిలో ఒక్క దుకాణం తెరిస్తే ఎవరు వస్తారు?

మొదటి ఆరు నెలలు కష్టమే. మేము చూసిన ఒక సందులో ఎనిమిది మడిగెలుంటే ఏడు మూసి ఉండేవి. సాయంత్రం ఏడు దాటితే ఆడవాళ్ళు ఆ సందులోంచి నడిచేవారు కాదు. పిండివంటలు చేసే ఒక తల్లీకూతుళ్ళు మూల మడిగె తీసుకుని, ముందుగా చేసిన పని షట్టరు బయట, రోడ్డు మీద పడేట్లు పెద్ద ఎల్‌ఈడీ దీపం పెట్టడం. వేడి అప్పాల వాసన, ఆ వెలుతురు, తొమ్మిది దాకా తెరిచి ఉండే తలుపు. మొదట ఆ దారిన ఇంటికి వెళ్ళే ట్యూషన్ పిల్లలు ఆగారు, తరువాత వారి తల్లులు. ఏడాది తిరిగేసరికి ఎదురు మడిగె యజమాని తనంత తానే వచ్చి, కిరాయికి ఎవరైనా ఉన్నారా అని వాళ్ళనే అడిగాడు. మూసి ఉన్న మడిగెల యజమానులను కనీసం వీధి దీపానికీ, ముందు అరుగు శుభ్రతకూ ఒప్పించగలిగితే, పట్టిన ఆ ఏడాది సమయం ఇంకా తగ్గుతుంది.

ఏడాదికే వ్యాపారం మూతబడితే పెట్టిందంతా పోయినట్లేనా?

కిరాయిదారుకు నష్టం ఉంటుంది, దాన్ని తేలికగా తీసుకోలేము. అందుకే గోడకు బిగించే పనులు తగ్గించి, విప్పి తీసుకుపోగలిగిన ర్యాకులు, కౌంటర్లు, యంత్రాల మీద డబ్బు పెట్టమంటాము. యజమాని వైపు మాత్రం బాగుపడిన కప్పు, కొత్త మీటరు, వారసులందరి సంతకాలున్న కాగితం, కట్టిన పన్ను రసీదులు అలాగే ఉంటాయి. రెండో కిరాయిదారు వచ్చినప్పుడు చేయాల్సింది రంగు వేయించి తాళం చెవి ఇవ్వడమే. ఆ తాళం చెవిని ఈసారి బజారులోనే ఉండే ఒక మనిషి దగ్గర ఉంచండి.